ఏ వైద్య పత్రిక మేలైనదో తేల్చబోయిన ఏడాది

లైబ్రరీ ఉద్యోగంలో చేరబోయే పిల్లలకు మొదటే ఒక మాట. నీడపట్టున పుస్తకాల మధ్య కూర్చోవచ్చు, ఎవరితోనూ పేచీ ఉండదు అనుకుని వస్తున్నట్లయితే ఇప్పుడే వెనక్కి తిరగండి. నేను చేసిన ఉద్యోగమంతా పేచీయే. ఏ పుస్తకం ఉండాలి, ఏది పోవాలి అని నాకంటే పెద్ద చదువులు చదివినవాళ్ళతో వాదించడమే నా పని. నాకు జీతం ఇచ్చింది అందుకేనని ఇప్పటికీ నా నమ్మకం. యాభై ఐదేళ్ళు నిండగానే ఇంటికి పంపారు. నోరు మాత్రం ఇంకా రిటైరు కాలేదు.

నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్ళు నిద్రపోయిందో ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. కర్నూలులో ఒక కొత్త వైద్య కళాశాలలో పనిచేసినప్పుడు నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి రాస్తాను. నేను నేర్చుకున్నదాంట్లో ముప్పాతిక భాగం దాని నుంచే వచ్చింది.

గుమాస్తాల గదిలో లైబ్రరీ

యాభై ఆరులో ఆంధ్ర రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక కర్నూలులో ఎక్కడ చూసినా ఖాళీ గదులే. అంతకుముందు ఏదో శాఖ గుమాస్తాలు కూర్చున్న పొడవాటి హాలును మాకు లైబ్రరీ కింద ఇచ్చారు. గోడల మీద ఇంకా పాత సెక్షన్ల పేర్లు ఉండేవి. శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకాలు చాలా కాలం 'భూమి శిస్తు' అనే అక్షరాల కింద ఉన్నాయి.

నేను కడపలో పుట్టి, మద్రాసులో బి.ఏ., ఆపైన లైబ్రరీ డిప్లొమా చదివి వచ్చినదాన్ని. అప్పటికి నాకు నలభై దాటాయి. నా కింద ఉన్నది ఒక్కరే, అటెండరు ఖాసిం సాహెబు. యాభై ఏళ్ళ మనిషి. అక్షరాలు రావు కానీ పుస్తకాల బైండింగులో చెయ్యి తిరిగినవాడు. పొద్దున్నే అరలన్నీ తుడవడం, చిరిగినవాటిని కుట్టడం అతని పని.

మా డాక్టర్లకు ఒక చెడ్డ అలవాటు ఉండేది. పత్రిక తీస్తారు, తిరగేస్తారు, బల్ల మీదే పడేసి పోతారు. మొదటి ఏడాదంతా నేను దీని మీద యుద్ధం చేశాను. ఒక హౌస్ సర్జన్ను హాలు నిండా జనం ఉండగా నిలబెట్టి, "మీ ఇంట్లో కూడా తిన్న కంచం ఇట్లాగే వదిలేసి లేస్తావా నాయనా? మీ అమ్మ ఏమీ అనదా?" అని అడిగాను. అతను ఎర్రబడిపోయాడు. ఆ మాట సాయంత్రానికి హాస్టలు దాటి ఆసుపత్రి వార్డుల దాకా పోయింది. నాకు లోపల సంతోషంగానే ఉండింది. దాచుకోవడం ఎందుకు?

సగానికి తగ్గించండి

రెండో ఏడాది పైనుంచి కాగితం వచ్చింది. మేము ఇరవై ఎనిమిది వైద్య పత్రికలు తెప్పిస్తున్నాం, వచ్చే జనవరి నుంచి పద్నాలుగే ఉండాలి. ఏ పద్నాలుగు ఉంచాలో కళాశాలే తేల్చుకోవాలి.

పుస్తకాన్ని ఈ ఏడాది కొనకపోతే వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. పత్రిక అట్లా కాదు. చందా ఆగిన నెలల సంచికలు మళ్ళీ దొరకవు. వరుసలో పడిన ఆ కంత అట్లాగే ఉండిపోతుంది. అందుకే ఈ కోత నాకు ప్రాణం మీదికి వచ్చినట్టు అనిపించింది.

మా ప్రిన్సిపాలు కడప జిల్లావాడే, నిదానస్తుడు. నన్ను పిలిచి, "ఏది మంచి పత్రికో, ఏది కాదో నువ్వే ఒక దారి చూడమ్మా. ఈళ్ళను అడిగితే ఎవరిది వాళ్ళు గొప్పంటారు. కొట్టుకు సస్తారు" అన్నాడు.

ఏది మంచి పత్రిక? ప్రశ్న మూడు మాటలే. కానీ ఆ మూడు నెలలు నాకు నిద్రలో కూడా అదే. ఇంత ఆసక్తిగా నేను ఏ పనీ చేయలేదు.

మొదటి కొలత: పెద్దల మాట

ముందు తేలికైన దారి పట్టాను. ఇరవై ఎనిమిది పేర్లూ టైపు చేయించి ఏడుగురు ప్రొఫెసర్లకు పంపాను. 'తప్పనిసరి', 'ఉంటే మంచిది', 'అక్కరలేదు' అని గుర్తు పెట్టమన్నాను. తిరిగి వచ్చిన కాగితాలు చూస్తే పత్రికల సంగతి ఏమీ తెలియలేదు కానీ ప్రొఫెసర్ల జీవిత చరిత్రలు తెలిశాయి. ఎడింబరోలో చదివినాయనకు ఎడింబరో పత్రిక తప్పనిసరి. లండనులో చదివినాయనకు అది అక్కరలేదు. ఒకాయనకు తన వ్యాసం ఒక్కటి వేసిన పత్రికే వేదం.

అంతకంటే తమాషా ఇంకోటి జరిగింది. అది నా పొరపాటు వల్లనే. మద్రాసు నుంచి తెచ్చుకున్న పాత జాబితా చూసి టైపు చేయించడంలో, రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే ఆగిపోయిన ఒక పత్రిక పేరు కూడా అందులో చేరిపోయింది. మా లైబ్రరీలో దాని ఒక్క కాగితం కూడా లేదు. ఏడుగురిలో ముగ్గురు దాన్ని 'తప్పనిసరి' అన్నారు. ఒకాయన పక్కన చిన్న అక్షరాలతో 'క్రమం తప్పక చదువుతాను' అని కూడా రాశాడు.

పెద్దల మాట అక్కడితో సరి.

రెండో కొలత: తోకల లెక్క

సర్జరీ ప్రొఫెసరుగారు విదేశాల్లో నేర్చుకున్న పద్ధతి ఒకటి చెప్పారు. ఆయన పొడుగాటి మనిషి, తెల్లటి ప్యాంటు మడత నలగనివ్వడు. నాతో మాట్లాడేటప్పుడు నా తలపై నుంచి కిటికీలోకి చూస్తూ మాట్లాడేవాడు.

"ప్రతి వ్యాసం చివర ఆధారాల పట్టిక ఉంటుంది కదండీ. రాసినవాడు ఏయే పత్రికల నుంచి తీసుకున్నాడో అందులో చెబుతాడు. ఎక్కువమంది ఏ పత్రికను చెబితే అది గొప్ప పత్రిక. ఇందులో అభిప్రాయాలు ఉండవు, అంకెలే."

నాకు నచ్చింది. ఒక ఇంగ్లీషు పత్రికవీ, ఒక అమెరికా పత్రికవీ ఏడాది సంచికలు ముందేసుకుని మూడు వారాలు కూర్చున్నాను. ఒక్కొక్క ఆధారానికి ఒక్కొక్క గీత. ఖాసిం సాహెబు చూసి, "ఏందమ్మా, తలకాయలు వదిలేసి తోకలు లెక్కబెడతాండారు?" అన్నాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ అది తోకల లెక్కే.

మొదటి స్థానంలో ఒక లావుపాటి వారపత్రిక వచ్చింది. వెంటనే అనుమానం పుట్టింది. వారం వారం వచ్చి, సంచికకు ఇరవై వ్యాసాలు వేసేదాన్ని ఎక్కువమంది చెప్పడంలో వింత ఏముంది? పెద్ద ఊళ్ళో ఎక్కువ పెళ్ళిళ్ళు జరుగుతాయి. కాబట్టి ఏ పత్రిక ఎన్ని వ్యాసాలు వేసిందో చూసి, దానితో గీతలను భాగించాను. వారపత్రిక కిందికి జారింది. మూడు నెలలకోసారి వచ్చే సన్నటి పత్రిక పైకెక్కింది. మళ్ళీ అనుమానం. నూరేళ్ళ నుంచి వస్తున్న పత్రికకు నూరేళ్ళ వ్యాసాలు ఉంటాయి, నిన్న పుట్టినదానికి ఏముంటాయి? గత అయిదేళ్ళ వ్యాసాలనే లెక్కలోకి తీసుకున్నాను. వరుస ఇంకోసారి తలకిందులైంది.

నందికొట్కూరు సంతలో వేరుశనక్కాయను శేరుతో కొలిస్తే ఒక బస్తా ఎక్కువ వస్తుంది, తక్కెడలో వేస్తే ఇంకో బస్తా ఎక్కువ తూగుతుంది. ఏది మంచి కాయ అని గానుగవాణ్ణి అడిగితే రెండూ వదిలేసి, నూనె ఎంత దిగిందో చూడమంటాడు. తోకల లెక్కలో అసలు లోపం అదే. రాసేవాళ్ళు ఎవరిని చదివారో అది చెబుతుంది. రాయకుండా రోగిని చూసేవాడు ఏమి చదివాడో చెప్పదు. మా కళాశాలలో వ్యాసాలు రాసేవాళ్ళు ఇద్దరే. రోగులను చూసేవాళ్ళు అరవై మంది.

ప్రిన్సిపాలూ ప్రొఫెసర్లూ కూర్చునే లైబ్రరీ కమిటీలో ఈ మాట అన్నాను. సర్జరీ ప్రొఫెసరుగారు కిటికీలోకి చూస్తూ, "అయితే మీ కొలత ఏమిటో?" అన్నారు.

మూడో కొలత: బల్ల మీద ఏముంది

నా కొలత మద్రాసులో నేర్చుకున్నది. చదివిన పత్రికను ఎవరూ అరలో పెట్టకూడదు, బల్ల మీదే వదలాలి. సాయంత్రం లైబ్రరీ సిబ్బంది ఏవి బల్ల మీదున్నాయో రాసుకుని తామే సర్దాలి. రెండు నెలలు రాస్తే ఏది ఎంతమంది చదువుతున్నారో తేలిపోతుంది. నూనె ఎంత దిగిందో ఇది చూపిస్తుందని నా వాదన.

బోర్డు రాయించి తలుపు పక్కన పెట్టించాను: 'చదివిన పత్రికను దయచేసి బల్ల మీదే వదిలి వెళ్ళండి.'

రెండు నెలలు రాశాను. చిత్రం, మొదటి రెండు స్థానాల్లోనూ సర్జరీ ప్రొఫెసరుగారు చదివే పత్రికలే వచ్చాయి. ఆయన నవ్వి, "మీ లెక్క కూడా నా మాటే అంటోంది" అన్నాడు. ఒళ్ళు మండింది కానీ అంకెలు అంకెలే కదా అని ఊరుకున్నాను.

అట్టడుగున ఒక చిన్న పత్రిక ఉండింది. మన దేశంలోనే, ఉత్తరాదిన ఎక్కడో అచ్చయ్యేది. పల్చటి కాగితం, మసక సిరా. పల్లెల్లో పనిచేసే డాక్టర్లు తమ అనుభవాలు రాసేవారు. పెద్దల మాటలో దానికి ఏడుగురూ 'అక్కరలేదు' పెట్టారు. తోకల లెక్కలో ఒక్క గీత కూడా రాలేదు. బల్ల మీద రెండు నెలల్లో ఒక్కసారి కూడా కనబడలేదు. ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబితే ఇంక అబద్ధం ఎట్లా అవుతుంది? మొట్టమొదట నేను కొట్టేసిన పేరు అదే. జనవరి నుంచి ఆగిపోయింది.

దుమ్ము లేని అర

కర్నూలు ఎండాకాలంలో గాలి లేస్తే పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఏప్రిల్లో ఒక ఉదయం ఖాసిం సాహెబు గుడ్డ దులుపుతూ అడిగాడు.

"అమ్మా, ఆ సన్న పుస్తకం రాలేదేమమ్మా ఈ మధ్య?"

"ఆపేశాం సాహెబూ. ఎవరూ చదవరు దాన్ని."

అతను గుడ్డ ఆపి నా వంక చూశాడు. "సదవకపోయేదేందమ్మా? దాని మింద దుమ్మే ఉండదు గదా. అన్నిటి మిందా ఉంటాది, దాని మింద ఉండదు. ఇప్పుడు కూడా పాతవి ఎవరో తీస్తానే ఉండారు."

 ఆ రోజే పాత సంచికల మధ్య సన్నటి కాగితం ముక్కలు దూర్చిపెట్టాను. తీస్తే పడిపోతాయి. మరుసటి సాయంత్రం చూస్తే రెండు ముక్కలు నేల మీద ఉన్నాయి. మూడో రోజు అరల వెనక కుర్చీ వేసుకుని, జాబితా సరిచూస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాను.

వచ్చినవాడు నాగన్న అనే కుర్ర డాక్టరు. మెడిసిన్ విభాగంలో ట్యూటరు. నందికొట్కూరు వైపు పల్లె నుంచి చదివి పైకి వచ్చినవాడు. హాలులోకి చెప్పుల చప్పుడు కాకుండా నడిచేవాడు. అర ముందు నిలబడే చదివాడు. చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. తర్వాత పత్రికను రెండు చేతులతో, పాపాయిని పడుకోబెట్టినట్టు, తీసిన చోటే పెట్టాడు.

"నాగన్నా!"

అదిరిపడ్డాడు. "పెట్టేసినా మేడం! యాడ తీసింటినో ఆడనే పెట్టేసినా!"

"పెట్టావు, చూశాను. ఎందుకు పెట్టావు? బల్ల మీద వదలమని బోర్డు ఉంది కదా?"

అతను బోర్డు వైపు, నా వైపు రెండుసార్లు చూశాడు. "అది... మీరు ఎత్తిపొడుపుకి పెట్టినారనుకుంటి మేడం. మేమందరం అట్లనే అనుకుంటిమి."

"మేమందరం అంటే?"

"హౌస్ సర్జన్లు, ట్యూటర్లు, నర్సమ్మలు. మీరు కంచం మాట అన్న్యాక ఎవురు వదులుతారు మేడం బల్ల మింద? పెద్ద సార్లు తప్ప."

ఇప్పుడు చెబితే నవ్వుతారు. నాకు ఆ రోజు నవ్వు రాలేదు. రెండు నెలలు నేను కొలిచింది చదువును కాదు. నా నోటికి ఎవరు భయపడతారో, ఎవరు భయపడరో దాన్ని కొలిచాను. భయపడనివాళ్ళు ప్రొఫెసర్లు. అందుకే వాళ్ళ పత్రికలు పైకి వచ్చాయి. భయపడ్డ యాభై మంది చదివినవన్నీ చక్కగా అరల్లోకి పోయాయి.

"ఈ పత్రిక ఆగిపోయి నాలుగు నెలలయింది. రాలేదని అడగలేదేమప్పా?"

నాగన్న నోరు తెరిచి ఒకే మాట అన్నాడు. "మిమ్మల్నా?"

దిగుడుబావి

కూర్చోబెట్టి అడిగితే చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో తాగే నీళ్ళకు ఒక దిగుడుబావే దిక్కు. జనం మెట్లు దిగి నీళ్ళల్లో కాళ్ళు పెట్టి బిందె ముంచుకుంటారు. ఏటా ఎండాకాలం ఊరు సగానికి నారికురుపు లేస్తుంది. కాలిలో కురుపై, అది పగిలి, దారం లాంటి పురుగు బయటికి వస్తుంది. ఆ కాలుతోనే మళ్ళీ బావిలో దిగుతారు. ఆ నీళ్ళే తాగుతారు. మరుసటి ఏడు మళ్ళీ అదే. లావుపాటి పత్రికల్లో ఆ పురుగు శరీర నిర్మాణం గురించి ఉంటుంది. కానీ డబ్బులేని పల్లెలో మెట్లు మూయించి చేదబావిగా మార్చడం ఎట్లా, ఒప్పుకోని జనాన్ని ఒప్పించడం ఎట్లా అనేది, ఇట్లాంటి మెట్ట జిల్లాలో పనిచేసే ఒక డాక్టరు ఈ చిన్న పత్రికలో భాగాలుగా రాస్తున్నాడు. రెండు భాగాలు వచ్చాయి. నాగన్న వాటిని ఒంటబట్టించుకుని వేసవికి ముందు బావి పని మొదలుపెట్టాలనుకున్నాడు. అసలు పని చెప్పే మూడో భాగం జనవరిలో రావలసింది.

"రెండు భాగాలతో మొదలుపెట్టలేవా?"

"ఊరోళ్ళు ఒకే తూరి ఇంటారు మేడం. ఆ తూరి తప్పుగా చేస్తే ఇంగ నన్ను బావి కాడికి రానియ్యరు."

మరుసటి రోజు అతనే నన్ను వార్డుకు తీసుకుపోయాడు. వాళ్ళ ఊరి ముసలామె, కాలు చాపుకుని కూర్చుని ఉంది. మడమ పైన కురుపులోంచి వచ్చిన పురుగును చిన్న పుల్లకు చుట్టి కట్టు కట్టారు. రోజుకు కొంచెం కొంచెం చుడతారట. తొందరపడి లాగితే తెగిపోతుంది.

"ఎవురప్పా ఈమె?" అంది ఆమె.

"పుస్తకాలమ్మ, అవ్వా."

"పుస్తకాలమ్మకు నా కాలితో ఏం పని? ఇంతకుముందు పురుగును సూల్లేదా ఎప్పుడూ?" అని, నేను ఒక అడుగు వెనక్కి వేసేసరికి తనే జాలిపడి, "శానా సన్నది లే తల్లీ, భయపడాకు" అంది.

నలభై ఏళ్ళు దాటాక ఒకరు నన్ను భయపడవద్దని చెప్పడం అదే మొదటిసారి.

కమిటీ ముందు

నా లెక్క తప్పని చెప్పకుండా ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. ఖాసిం సాహెబు చెప్పడు, నాగన్న అసలే చెప్పడు. రెండు రోజులు ఊరుకున్నాను కూడా. మూడో రోజు ప్రిన్సిపాలు దగ్గరికి పోయి కమిటీని పిలవమన్నాను.

జరిగిందంతా చెప్పాను. కంచం మాట, బోర్డు, దుమ్ము, అన్నీ. సర్జరీ ప్రొఫెసరుగారు మొదటిసారి కిటికీ వదిలి నా ముఖంలోకి చూశారు.

"అయితే మీ కొలత పనికిరాదని ఒప్పుకుంటున్నారా?"

"కొలత మంచిదే. కొలిచిన మనిషే సరిగా లేదు. మీ తోకల లెక్క మాత్రం మనిషి బాగున్నా తప్పే చెబుతుంది."

ప్రిన్సిపాలు తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. "సరేలేమ్మా. మరిప్పుడు ఏది నమ్మాల?"

"ఏ ఒక్కదాన్నీ నమ్మొద్దు సార్. పెద్దల మాట చెప్పేవాడి చదువును చూపుతుంది. తోకల లెక్క రాసేవాళ్ళను చూపుతుంది. బల్ల లెక్క వదిలేసి పోయేవాళ్ళను చూపుతుంది. ఒక్కొక్కటి ఎవరిని చూపదో ముందు అడగాలి. మూడూ ఒకే మాట చెబితే ఇంకా ఎక్కువ అనుమానించాలి. మూడింటికీ కనబడనివాడు ఒకడే అయి ఉంటాడు."

చిన్న పత్రికను మళ్ళీ చేర్చడానికి ఒప్పుకున్నారు. దానికి బదులు ఏది తీసేయాలంటే సర్జరీ ప్రొఫెసరుగారే తన రెండు పత్రికల్లో ఒకటి వదులుకున్నారు. 'మంచితనంతో కాదు, ఇంటికి సొంతంగా తెప్పించుకుంటాడు లే' అని నేను అప్పుడు అనుకున్నాను. అది నిజమే కానీ, అయినా వదిలాడు. అది కూడా రాయాలి.

జూలై నుంచి పత్రిక మళ్ళీ వచ్చింది. జనవరి నుంచి జూను దాకా సంచికలు పంపమని రాస్తే, చందాదారులు ఎందరుంటే అన్నే అచ్చు వేస్తాం, మిగల్లేదు అని జవాబు వచ్చింది. నాగన్న ఆ వ్యాసం రాసిన డాక్టరుకే ఉత్తరం రాశాడు. ఆయన తీరిక చూసుకుని చేతిరాతతో మూడో భాగం పంపేసరికి వానలు వెనకబట్టాయి. బావి మెట్లు మూసింది ఆ మరుసటి ఏడు. నడుమ ఒక ఎండాకాలం ఉత్తపుణ్యానికి పోయింది. ఆ ఒక్క వేసవిలో బావిలో దిగినవాళ్ళలో ఎందరికి తర్వాత ఏడు కురుపు లేచిందో నాగన్న నాకు చెప్పలేదు. నేను అడిగే ధైర్యం చేయలేదు.

బైండింగు

ఏడాది చివర ఆ సంవత్సరపు పత్రికలన్నీ కుట్టించే వేళ, ఖాసిం సాహెబు ఆ సన్న పత్రిక కట్టను, పల్చన కాబట్టి కిందటేడాదివి కూడా కలిపి, నా బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఈడ ఆరు తక్కువ ఉండాయి. అట్లనే కుట్టేద్దునా? అట్ట మీద 'అసంపూర్తి' అని ఏస్తే సాలు గదా, అన్ని లైబ్రరీల్లో అంతే."

నిజమే, అన్ని లైబ్రరీల్లో అంతే. పోస్టులో పోయాయో, ఎలుకలు కొట్టాయో, ఎవరూ అడగరు. ఒక మంచి తెల్ల కాగితం తీసుకుని ఇట్లా రాశాను: 'జనవరి నుంచి జూను వరకు ఆరు సంచికలు ఇందులో లేవు. చదివేవారు లేరని లైబ్రేరియను పొరపాటుగా లెక్కించి చందా ఆపినందువల్ల ఇవి రాలేదు. చదివేవారు ఉండినారు.' కింద పేరు రాసి సంతకం పెట్టాను.

ఖాసిం సాహెబుకు చదివి వినిపించాను. అతను తల గోక్కున్నాడు.

"పేరు కూడానా అమ్మా? రేపు ఎవురన్నా సదివితే నామోషీ గదా మీకు?"

"చదవాలనే కదా సాహెబూ పెట్టేది."

అతను సిరా ఆరేదాకా కాగితాన్ని అటూ ఇటూ ఊపి, డిసెంబరుకూ జూలైకీ నడుమ సరిగ్గా పెట్టి, సూదిలో దారం ఎక్కించాడు.